బడిదారిలో వీరగల్లు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంఘం మిత్రులు ఫోను చేసినప్పుడు అందరిలాగే నాకూ మొదట గుర్తొచ్చినవి గోధుమ రవ్వ ఉప్మా, చింతచెట్టు కింద క్లాసులు, లెక్కల అయ్యోరి బెత్తం. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక రాయి గురించి రాస్తాను.

పడమటి దావలో నడిచి బడికి వచ్చినవాళ్లకు ఆ రాయి గుర్తుండే ఉంటుంది. వంక దాటి మిట్ట ఎక్కగానే ఎడమ పక్కన, కానుగ చెట్టు మొదట్లో, కొంచెం వాలి నిలబడి ఉండేది. మన నడుమెత్తు. దాని మీద కత్తి ఎత్తిన ఒక మనిషి బొమ్మ. కాళ్ల దగ్గర ఏవో చిన్న చిన్న జంతువులు. మేకలని కొందరం, కుక్కలని కొందరం వాదులాడుకునేవాళ్లం. గడ్డికి పోయే ఆడవాళ్లు దాని అంచు మీద కొడవళ్లు నూరుకునేవారు. అట్లా నూరీ నూరీ కుడి అంచున వేలు పట్టేంత గాడి పడింది. సంక్రాంతికి ఎవరో ఒకరు పసుపు పూసి రెండు పూలు పెట్టి పోయేవారు. ఎవరికి పెడుతున్నారో వాళ్లకూ తెలియదు. వీరన్న రాయి అనేవాళ్లం, అంతే.

ఎనిమిదో తరగతిలో నేను కాంపాస్ పెట్టెలోని ముల్లుతో ఆ రాయి మీద నా పేరులోని రెండు అక్షరాలు గీశాను. ఒక్కరోజు పని కాదది. వారం రోజులు పోతూ వస్తూ గీశాను. నాతోపాటు ఇంకో ఇద్దరు కూడా గీశారు. వాళ్లు ఈ సంచిక చదువుతారు కాబట్టి పేర్లు రాయను. చరిత్ర చెప్పే అయ్యోరు సైకిల్ మీద వస్తూ మమ్మల్ని చూసి ఆగారు. కొడతారనుకున్నాం. కొట్టలేదు. రాయి దగ్గర గొంతుకూర్చుని ఆ గీతల మీద వేలు పెట్టి చూసి, "ఆయన పేరు ఎవురూ రాయలేదని నీ పేరు రాస్తివా రా?" అన్నారు. తర్వాత వంకలో నుంచి నీళ్లు తెప్పించి రాయి కడిగించి, అక్కడే పావుగంట పాఠం చెప్పారు. ఆ మేకలూ కుక్కలూ ఆవులని ఆరోజే తెలిసింది.

అయ్యోరు చెప్పింది పావుగంట. మిగిలింది తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. ఉద్యోగం ఊర్లు తిప్పింది. ఏ ఊరికి పోయినా రోడ్డు పక్కన ఇట్లాంటి రాళ్లు కనిపిస్తే ఆగడం అలవాటైంది.

ఇట్లాంటి రాయిని వీరగల్లు అంటారు. కన్నడంలోనూ అదే మాట. తమిళంలో నడుకల్, అంటే నాటిన రాయి. యుద్ధంలోనో, పశువుల దొంగలతో పోరాడో, పులిని ఎదిరించో చనిపోయినవాడి కోసం ఊరివాళ్లు నాటేవారు. రాయిని ఎంచుకోవడం దగ్గర నుంచి నీళ్లలో ఉంచడం, నాటడం, పూజించి స్తుతించడం దాకా వరస తొల్కాప్పియంలో ఉంది. అంటే మన వైపు అక్షరాలు చెక్కడం పెరగడానికి ఎంతో ముందు నుంచే ఇది ఉన్న ఆచారం. చాలా వీరగల్లుల్లో బొమ్మను కింది నుంచి పైకి చదవాలి. కింది అరలో పోరాటం. పై అరలో ఇద్దరు అప్సరసలు అతన్ని చెరో చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. ఇంకా పైన, మూడో అర ఉంటే, శివలింగం పక్కన అతను కూర్చుని ఉంటాడు. చావు, ప్రయాణం, చేరుకోవడం. మన రాయికి కింది అర ఒక్కటే ఉండేది. మన ఊరివాళ్ల దగ్గర అంతకే డబ్బులున్నాయో, శిల్పికి అంతే చేతనయిందో.

అక్షరాలు లేవు. అయ్యోరు నీళ్లు పోసి వెతికింది వాటి కోసమే. వీరగల్లుల్లో ఎక్కువ భాగం ఇట్లా మూగవే. కానీ మన చుట్టుపక్కల మాట్లాడే రాళ్లున్నాయి. వాటిని పట్టుకుని మన మూగరాయి ఏం చెబుతుందో కొంతవరకు ఊహించవచ్చు.

ఉత్తరాన మదనపల్లె దగ్గర మొదలుపెడదాం. అక్కడికి దగ్గర్లోని చిప్పిలి వైదుంబ రాజుల కేంద్రమని చరిత్రకారులు చెబుతారు. వైదుంబుల్లో గండత్రినేత్రుడు 9వ శతాబ్దపు రాజు. అతని కాలంలో సోరెమడి అనే చోట పెద్ద యుద్ధం జరిగింది. ఒక పక్క బాణులు, వైదుంబులు. రెండో పక్క నొళంబులు, గాంగులు. బలిచక్రవర్తి వంశంవాళ్లమని చెప్పుకునేవారు బాణులు. ఆ మహాబలి కులాన్ని నాశనం చేశానని బిరుదు పెట్టుకున్నాడు నొళంబుల మహేంద్రుడు. ఈ యుద్ధం గురించి మనకు ఎట్లా తెలిసిందంటే, ఏ రాజూ కావ్యం రాయించి కాదు. పెద్దతిప్పసముద్రం లాంటి ఊళ్లలో నాటిన వీరగల్లుల వల్ల. సోరెమడికి పోయి తిరిగి రానివాళ్ల కోసం వాళ్ల ఊళ్లలో రాళ్లు నాటి, ఫలానా రాజు ఏలుతుండగా, ఫలానా వాళ్లు ఎత్తి వస్తే, ఫలానావాడు పొడిచి పడ్డాడని తెలుగులో చెక్కించారు. పొడవడమంటే అప్పటి భాషలో పోరాడడం.

ఇది ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన విషయం. ఆ రాళ్ల తెలుగు నన్నయకు రమారమి రెండు వందల ఏళ్ల ముందుది. మన భాషలో మొదటి గ్రంథం పుట్టక ముందే, మన వైపు చచ్చిపోయిన ఒక మామూలు మనిషి గురించి తెలుగులో రాసిపెట్టారు. పదో తరగతి తెలుగు పుస్తకంలో నన్నయతో మొదలుపెట్టి చదివాం గానీ, వంద కిలోమీటర్ల అవతల రోడ్డు పక్కన ఉన్న ఈ తెలుగు గురించి మనకెవరూ చెప్పలేదు. అయ్యోరు చెప్పి ఉండేవారేమో, సిలబస్ వదిలితే.

ఇప్పుడు పడమటికి పోదాం. మనలో సగం మంది పిల్లలు ఇప్పుడు రోజూ కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి వస్తున్నారు. ఆ నగరం పేరు మొదట కనిపించేది ఒక వీరగల్లు మీదే. ఎలక్ట్రానిక్ సిటీకి పోయే దావకు దగ్గర్లో బేగూరు అనే ఊరుంది. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. అక్కడి నాగేశ్వర గుడిలో సుమారు 9వ శతాబ్దం చివరి రాయి ఒకటి, బెంగుళూరు యుద్ధంలో నాగత్తరుడి మనిషి బుట్టనసెట్టి చనిపోయాడని చెబుతుంది. అంతకు మించి ఏమీ లేదు. ఎవరితో యుద్ధమో, ఎందుకో లేదు. కోటిమందికి పైగా ఉండే నగరం పేరుకు మనకు దొరికిన మొదటి సాక్షి ఒక సెట్టి చావు. అదే బేగూరు నుంచి తీసుకుపోయిన ఇంకో పెద్ద రాయి కస్తూర్బా రోడ్డులోని మ్యూజియంలో ఉంది. గాంగ రాజు ఎరెయప్ప నొళంబుల అయ్యపదేవుడికి సాయంగా నాగత్తరుణ్ణి పంపిస్తే, తుంబెపాడి దగ్గర వీరమహేంద్రుడితో పోరాడి అతను ఎట్లా చనిపోయాడో అందులో ఉంది. ఏనుగులు, గుర్రాలు, నేలకూలిన మనుషులు, అన్నీ ఒకే పలకలో. పిల్లలను తీసుకుని బెంగుళూరు పోయినప్పుడు జూ ఒక్కటే చూపించకండి. ఇదీ చూపించండి.

తూర్పుకు పోతే ఆంబూరు. మనకు జోలార్‌పేట మీదుగా మద్రాసు బండిలో గంటా గంటన్నర. అక్కడ పల్లవ రాజు నృపతుంగవర్మ 26వ పాలనా సంవత్సరం నాటి రెండు రాళ్లున్నాయి. తమిళంలో ఉన్నాయి. నొళంబుల దండు ఆంబూరు పశువుల మీద పడితే అడ్డుకుని అకళంకత్తువరాయడనే స్థానిక నాయకుని ఇంటివాళ్లు చనిపోయారని వాటి సారాంశం.

మూడు దిక్కుల్లో మూడు భాషలు చూశారా? మన తరగతి గది కూడా అంతే కదా. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు, తెలుగు మాట్లాడేవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. బయటివాళ్లు మన యాసను ఎక్కిరిస్తే కోపమొచ్చేది. వెయ్యేళ్ల కిందటి రాళ్లు చూసిన తర్వాత నాకు ఆ కోపం పోయింది. ఇది ఎప్పుడూ ఇట్లాంటి నేలే. పీఠభూమి అంచు ఇది. ఒక పక్క మైసూరు మైదానం, ఇంకో పక్క కనుమలు దిగితే తొండై మండలం. పైవాడు కిందికి దిగాలన్నా, కిందివాడు పైకి ఎక్కాలన్నా మనల్ని దాటాలి. రాజుల పేర్లు మారుతూ వచ్చాయి గానీ, దాటేటప్పుడు వాళ్లు పట్టుకుపోయింది మాత్రం ఎప్పుడూ ఒక్కటే. పశువులు.

ఇక్కడ కొంచెం నిలబడాలి. ఇప్పుడు యుద్ధమంటే సరిహద్దు, భూమి. అప్పట్లో వానాధారపు నేలల్లో ఊరి ఆస్తంటే మంద. దున్నాలన్నా, ఎరువు కావాలన్నా, పాలు, పెళ్లికి కట్నం, దేవుడికి దీపానికి నెయ్యి, అన్నీ మందలోనే. ఊరిని కాల్చితే మళ్లీ కట్టుకుంటారు. మందను తోలుకుపోతే ఊరు లేవలేదు. అందుకే యుద్ధం మొదలుపెట్టడమంటే ఎదుటివాడి పశువులను తోలుకురావడం. మన వైపు భారత ఉత్సవాల్లో పద్దెనిమిది రోజులు కథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. విరాటపర్వంలో సుశర్మ దక్షిణం నుంచీ, కౌరవులు ఉత్తరం నుంచీ వచ్చి చేసిందేమిటి? గోగ్రహణం. నాటకంలో ఉత్తరుడు రథం దిగి పారిపోతుంటే నవ్వేవాళ్లం. వీరగల్లు మీద ఉన్నవాడు ఆ ఉత్తరుడి వయసువాడే కావచ్చు. అతనికి బృహన్నల దొరకలేదు.

పుంగనూరు ఆవును ఇప్పుడు టీవీల్లో చూపించి ముద్దుచేస్తున్నారు. నడుమెత్తు కూడా రాని ఆవు. గడ్డి తక్కువ తిని, ఎండకు తట్టుకుని, మన రాళ్ల నేలలో బతికే జాతి. దాన్ని చూసినప్పుడల్లా నాకు మన రాయి కింది భాగంలోని పొట్టి పొట్టి జంతువులు గుర్తొస్తాయి. చిన్నగా ఉన్నాయి కాబట్టే మేకలనుకున్నాం. మనిషి పెద్దగా కనబడాలని శిల్పి ఆవులను చిన్నవి చేశాడని పుస్తకాలు చెబుతాయి. అదే నిజం. అయినా మా ఊరి శిల్పి ఉన్నది ఉన్నట్టు చెక్కాడని అనుకోవడం నాకిష్టం.

చనిపోయినవాడి ఇంటికి ఏం దక్కింది? రాయి ఒక్కటే కాదు. భూమి ఇచ్చేవారు. కన్నడంలో నెత్తరు గొడగె, తమిళంలో ఉదిరప్పట్టి. రెండింటిలోనూ ఉన్న మాట నెత్తురే. గాంగుల నేలలో బాళ్గళ్చు అని ఒక పద్ధతి ఉంది, కత్తి కడిగి ఇచ్చిన మాన్యమని అర్థం. అంటే పోయినవాడి పెళ్లాంబిడ్డలను చూడడం రాజు బాధ్యత, ఊరి బాధ్యత అనే లెక్క అప్పుడే ఉంది. కొన్ని శాసనాల చివర శాపం కూడా ఉంటుంది. ఈ దానాన్ని పాడుచేసినవాడు వారణాసిలో కపిల గోవును చంపిన పాపాన పోతాడని. ఎనిమిదో తరగతిలో ఈ సంగతి తెలిసి ఉంటే ఆ ముల్లు పట్టుకునేవాణ్ణి కాదు.

ఆడవాళ్ల సంగతి కూడా చెప్పకపోతే తప్పు. కొన్ని రాళ్ల మీద మోచేతి దగ్గర వంగి పైకి లేచిన ఒంటి చెయ్యి, దానికి గాజులు కనిపిస్తాయి. అది మొగుడితోపాటు చితి ఎక్కిన ఆమెకు గుర్తు. మాస్తి కల్లు అంటారు, మహాసతి మాట నుంచి వచ్చింది. కోలారు జిల్లాలోని మాస్తి ఊరి పేరే అది. తెలుగు పల్లెల్లో పేరంటాలమ్మ గుళ్లు కొన్ని ఇట్లాగే మొదలయ్యాయి. అతను మందకు అడ్డం నిలబడి పోయాడు. ఆమె ఎందుకు పోవాల్సివచ్చిందో ఆ రాయి చెప్పదు. పసుపు రాసి దండం పెట్టడం వేరు, ఆ సంగతి ఆలోచించడం వేరు.

మనుషులకే కాదు, కుక్కలకూ రాళ్లు నాటారు. చెంగం దగ్గర ఎడుత్తనూరులో మహేంద్రవర్మ కాలపు రాయి మీద కోవివన్ అనే కుక్క ఉంది. యజమాని చనిపోతే శవం దగ్గర నిలబడి కాపలా కాసిందట. ఇంకోటి ఆతకూరు రాయి. 949లో అరక్కోణం దగ్గరి తక్కోలంలో రాష్ట్రకూట కృష్ణుడికీ చోళులకూ యుద్ధమైంది. చోళ యువరాజు రాజాదిత్యుణ్ణి చంపిన గాంగ బూతుగుడు, తన బంటు మణలేరుడికి మెచ్చి ఏం కావాలంటే, అతను కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. అది అడవిపందితో పోరాడి చచ్చింది. దక్షిణాది చరిత్రను మలుపు తిప్పిన యుద్ధమూ, ఒక కుక్క చావూ ఒకే రాయి మీద ఉన్నాయి.

తర్వాతి కాలపు యుద్ధాలు మన మీదుగా ఇంకా పెద్దవి పోయాయి. పాలెగాళ్ల తగాదాలు సరే. హైదరలీ ఆర్కాటు మీద యుద్ధం చేస్తూ 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో గుడారంలో చనిపోయాడు. టిప్పు వచ్చేదాకా సంగతి దాచి, శవాన్ని ముందు కోలారుకు, తర్వాత శ్రీరంగపట్నానికి చేర్చారు. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ ఆంబూరు వైపు వస్తున్నట్టు చూపించి టిప్పును మోసం చేసి, చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. మార్చి 21న బెంగుళూరు కోట పట్టాడు. పదేళ్ల కిందట అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్‌కు లొంగిపోయిన సేనాని ఇతనే. అక్కడ పోయిన పరువు మన కనుమ ఎక్కి సంపాదించుకున్నాడు. మొగిలి ఘాటులో బస్సు మలుపు తిరుగుతుంటే, ఫిరంగులు లాగిన ఎద్దుల గురించి ఆలోచిస్తాను. వేల ఎద్దులు. అవి ఎవరివి? ఆ సైన్యాల ధాన్యం ఎవరి గాదెల్లోది? మళ్లీ అదే గోగ్రహణం. కాకపోతే ఈసారి అడ్డం నిలబడ్డవాడికి రాయి నాటే ఆచారం దాదాపు పోయింది.

ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు వేరే రకం రాళ్లు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక దేశంలోని చాలా ఊళ్లలో, మద్రాసు రాజధానిలో కూడా, గోడలకు పాలరాతి పలకలు బిగించారు. ఈ ఊరి నుంచి 1914-1919 యుద్ధానికి ఇంతమంది పోయారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారని ఇంగ్లీషులో ఉంటుంది. పేర్లుండవు. అంకెలే. ఆ యుద్ధానికి మన దేశం నుంచి సముద్రం దాటిపోయినవాళ్లు పది లక్షలకు పైన. తిరిగి రానివాళ్లు డెబ్బై వేలకు పైన. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికైతే మిలిటరీ మాధవరమనే పేరే స్థిరపడింది. ఇంటికొకరు చొప్పున సైన్యానికి పోయే ఊరది. అక్కడ స్మారకం ఉంది. ఊరంతా దాన్ని చూసుకుంటుంది.

ఆ పలకనూ మన రాయినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొక తేడా కనిపిస్తుంది. పాలరాతి పలక మీద లెక్క ఉంది, మనిషి లేడు. మన రాయి మీద లెక్క లేదు, పేరూ లేదు, కానీ మనిషున్నాడు. కొప్పు ఎట్లా ముడిచాడో, కత్తి ఏ చేత్తో పట్టాడో, నడుముకు ఏం కట్టాడో ఉంది. అతన్ని ఎరిగినవాళ్లు చెప్పగా చెక్కిన బొమ్మ అది.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ వ్యాసం కోసం ఫోటో తీద్దామని మొన్న పడమటి దావలో పోయాను. కానుగ చెట్టు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. రాయీ లేదు. పని చేయించినవాళ్లను అడిగితే, అట్లాంటి రాళ్లు చాలా వచ్చాయి, మట్టితోపాటు పోయి ఉంటాయి అన్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్లకిచ్చిన కాగితంలో చెట్ల లెక్క ఉంది, కరెంటు స్తంభాల లెక్క ఉంది, వీరగల్లు లెక్క లేదు. 1960లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడమని ప్రకటిస్తేనే దానికి కాపలా. మన రాయిని ఎవరూ ప్రకటించలేదు. ప్రకటించాలంటే ముందు అదొకటి ఉందని ఎవరైనా రాసి ఉండాలి. 1970ల్లో తమిళనాడు పురావస్తు శాఖవాళ్లు చెంగం చుట్టుపక్కల ఊరూరా తిరిగి వీరగల్లులన్నీ నమోదు చేసి పుస్తకం వేశారు. మన సరిహద్దుకు వంద కిలోమీటర్ల లోపు జరిగిన పని అది. ఆ సమయంలోనే నేను ముల్లుతో నా పేరు గీస్తున్నాను.

ఒక మాట చెప్పాలి. పూజలో ఉన్న రాళ్లే ఎక్కువగా నిలిచాయి. కృష్ణగిరి, ధర్మపురి వైపు వీరగల్లులను వేడియప్పన్ అని కొలుస్తారు. నూనె, పసుపు, పైన చిన్న కప్పు. ఆ నూనె వల్ల అక్షరాలు పోతాయని పండితులు బాధపడతారు, నిజమే. కానీ వేడియప్పన్‌ను పొక్లెయిన్‌తో ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాదు. మన వీరన్నకు సంక్రాంతి పసుపు ఒక్కటే ఉండేది. అది సరిపోలేదు.

మూడు రోజులు వెతికాను. నాతోపాటు ముల్లు పట్టిన ఇద్దరిలో ఒకడు కూడా వచ్చాడు. చివరికి రాయి దొరికింది. పాత చోటికి అర కిలోమీటరు దూరంలో కొత్తగా కట్టిన ఒక అంగడి ముందు, కాలువ మీద బండగా వేసి ఉంది. బొమ్మ వైపు కిందికి. వీపు మీదుగా మోటారు సైకిళ్లు ఎక్కి దిగుతున్నాయి. అదే రాయని ఎట్లా తెలిసిందంటే, కుడి అంచున కొడవళ్లు నూరిన గాడి. వేలు పెట్టి చూశాను. సరిపోయింది.

అంగడి అబ్బాయి మంచివాడు. మన బడిలోనే చదివాడట, మనకంటే ముప్ఫై ఏళ్లు చిన్న. సంగతి చెబితే నోరు తెరిచి విన్నాడు. "నాకేం తెలుసునా, మట్టి దిబ్బలో దొరికింది, ఏసుకుంటి. ఇంగో బండ ఏసిచ్చినారంటే ఎత్తుకోండి" అన్నాడు. బండ ఖరీదు, ఎత్తడానికి ట్రాక్టరు కూలి, అంతా కలిపినా మన స్వర్ణోత్సవ భోజనాల ఖర్చులో ఒక మూలకు రాదు.

తేలనిది ఎక్కడ పెట్టాలన్నదే. నా స్నేహితుడు బడి ఆవరణలో, జెండా దిమ్మె పక్కన పెడదామంటాడు. పిల్లలు రోజూ చూస్తారు, ఎవరూ ఎత్తుకుపోరు. ప్రధానోపాధ్యాయులు కూడా సరేనన్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. వీరగల్లు అంటే ఎక్కడైనా నిలబెట్టే విగ్రహం కాదు. అతను పడిన చోటనో, మంద దాటిన వంక దగ్గరనో, ఊరి పొలిమేరలోనో నాటిన రాయి. ఆ మిట్ట మీద నుంచి తీస్తే, ఎందుకు అక్కడే నాటారో అడిగే దారి కూడా పోతుంది. కానీ ఆ చోటు ఇప్పుడు తారు కింద ఉంది. పక్కన మిగిలిన జాగా రెండు గజాలు. రేపు మళ్లీ రోడ్డు పెంచితే అదీ పోతుంది. బడిలో పెడితే రాయి మిగులుతుంది, చోటు పోతుంది. మిట్ట మీద పెడితే చోటు మిగులుతుంది, రాయి ఉంటుందో లేదో. స్నేహితుడి మాటే సరైనదేమోనని రాత్రిళ్లు అనిపిస్తుంది, పొద్దున మళ్లీ మారుతుంది. స్వర్ణోత్సవం రోజు సాయంత్రం సమావేశంలో ఐదు నిమిషాలు దీనికి ఇవ్వమని సంఘాన్ని అడిగాను. పడమటి దావవాళ్లు తప్పకుండా రండి. మీ మాట కావాలి.

ఈలోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మన ఊరి పక్కనే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. దక్షిణాది భాషల కోసమే 1997లో పెట్టిన చోటు. మన చుట్టుపక్కల రాళ్లు చదవాలంటే మూడు భాషలు వచ్చినవాళ్లు కావాలి కాబట్టి, అంతకంటే తగిన ఇల్లు లేదు. మీ మీ ఊళ్ల దారుల్లో ఇట్లాంటి రాళ్లుంటే ఫోటో తీసి, ఏ ఊరు, ఏ దావ, ఏ చెట్టు దగ్గర అని రాసి సంఘానికి పంపండి. పొద్దునో సాయంత్రమో వెలుతురు పక్క నుంచి పడేటప్పుడు తీస్తే గీతలు కనిపిస్తాయి. యాసిడ్ పోసి కడగకండి, రంగులు వేయకండి, అక్షరాలు కనిపించాలని సుద్దముక్కతో దిద్దకండి. మన అయ్యోరు నీళ్లే వాడారు.

బండ ఇంకా మార్చలేదు. అంగడి అబ్బాయి మాత్రం ఆ వైపు బండ్లు రాకుండా రెండు ఖాళీ డ్రమ్ములు అడ్డం పెట్టాడు. సమావేశం అయిన మరుసటి రోజు ఉదయం ఎత్తుదామనుకున్నాం, నలుగురం చాలు. అంతదాకా ఆ మనిషి, ఆ ఆవులు, పక్కన నేను గీసిన రెండు అక్షరాలు కాలువ వైపు ముఖం పెట్టుకునే ఉంటాయి.